పక్కన పెట్టిన పేర్లు

ప్రోగ్రామక్క రాసిన ప్రోగ్రాముకు మొదటి వరుసలో ఆమె పేరు లేదు. "రాసినవారు" అన్న మాట పక్కన సెక్షన్ హెడ్డు పేరుంది, ఆయన రెండు డిగ్రీలతో సహా. పంతొమ్మిదేళ్లుగా అలాగే ఉంది. ఆయన ఆ ఫైలును ఒక్కసారైనా కిందిదాకా చదివిన పాపాన పోలేదు.

"కాంట్రాక్టు వాళ్ల పేర్లు గవర్నమెంటు సాఫ్ట్‌వేర్లో ఉండకూడదమ్మా. రూలు," అన్నాడాయన మొదట్లో. ఆమె సరేనంది. ఆ రూలు ఏ కాగితంలో ఉందో చూపించమని అడగలేదు. అడిగితే ఏడాది చివర కాంట్రాక్టు మీద సంతకం పడదని తెలుసు. ఆ గదిలో వెన్ను ఆనించుకునే కుర్చీలు పర్మినెంటు వాళ్లకు, స్టూళ్లు కాంట్రాక్టు వాళ్లకు. అన్నేళ్లు స్టూలు మీద కూర్చుని నడుము పట్టేసినా నోరెత్తని మనిషి పేరు దగ్గర గొడవ పడుతుందా? నోరు కట్టుకుని పని చేసుకుపోయింది.

పెద్దాసుపత్రి వెనక బ్లాకులో, ఎక్స్‌రే గదికీ లిఫ్టుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆ కంప్యూటర్ రూము. అక్కడ వార్డుబాయ్ నుంచి డాక్టర్ల దాకా ఆమె అందరికీ ప్రోగ్రామక్కే. ఇంట్లో మాత్రం అన్నయ్య పెట్టిన పేరు పిచ్చుక. నాన్న పోయాక మిషను తొక్కి ఆమెను చదివించింది ఆయనే. ఆయన దర్జీ. ప్రోగ్రాములు రాసే సి భాష పుస్తకాన్ని, అట్ట ఊడిపోయినదాన్ని, పాత పుస్తకాల బండి మీద కొనిచ్చిందీ ఆయనే. "పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకో పిచ్చుకా. మనం ఏది కొన్నా ఒక గుండీ తక్కువే వస్తుంది," అన్నాడు అప్పుడు.

నాలుగేళ్ల కింద ఆయన కిడ్నీలు రెండూ మొండికేశాయి. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో, చేతికి రెండు గొట్టాలు పెట్టించుకుని, నాలుగేసి గంటలు పడుకుంటాడు. ఒంట్లో రక్తమంతా మిషనులోకి వెళ్లి శుభ్రమై తిరిగొస్తుంది. అది ఆగితే మనిషి ఆగిపోతాడు. అందులో మధ్యేమార్గం లేదు.

ఆ మిషన్ల వంతులు తేల్చేదే చెల్లెలి ప్రోగ్రాము. ఇరవై మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు, అరవై మంది. రోజూ పొద్దున్నే జాబితా తయారుచేసి, ఒక్కొక్కరికీ ఒక స్లిప్పు అచ్చువేస్తుంది. స్లిప్పు చూపిస్తే గాని కింద లిఫ్టు దగ్గర కాపలా అతను పైకి పోనివ్వడు.

ఆ ప్రోగ్రాము పుట్టడానికీ ఒక కారణముంది. అంతకుముందు స్లిప్పుల మీద పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే పడేవి. మన అక్షరాల్లో ఎక్కిస్తే ముక్కలై వచ్చేవి. కంప్యూటరు లోపల అంతా చిన్న చిన్న గడులు. ఇంగ్లిషు అక్షరానికి ఒక గడి చాలు. మన అక్షరానికి మూడు కావాలి, గుణింతం చేరితే ఆరు, ఒత్తు చేరితే ఇంకా. పాత ప్రోగ్రాము గడులు లెక్కపెట్టి ఒకచోట నరికేసేది. ఆ కత్తి ఒక్కోసారి అక్షరం నడిమధ్యన పడేది. అక్కడ నల్ల డబ్బాలు వచ్చేవి. చదవలేక, కౌంటర్లో గుమాస్తా "డబ్బాల పేరు వాళ్లెవరు, రండి" అని పిలిచేవాడు. నలుగురు లేచేవారు.

ప్రోగ్రామక్కకు అది గుచ్చుకుంది. గడుల్లో ఉన్న పేరును వెడల్పు అక్షరాల్లోకి మార్చడానికి ముందే రాసిపెట్టిన ఫంక్షను ఒకటి సి భాషలో ఉందని తెలుసుకుని దాన్ని వాడింది. మార్చాక ఒక్కో గుర్తూ ఒక్కో వెడల్పాటి గడిలో నిలబడుతుంది. అప్పుడు లెక్కపెట్టొచ్చు, సరిచూడొచ్చు, అచ్చువేయొచ్చు. ఆ పని ఏంటని అన్నయ్య అడిగితే ఆయన భాషలోనే చెప్పింది.

"కత్తిరించిన గుడ్డముక్కలు కుప్పగా ఉంటాయి కదా అన్నయ్యా. చేతులు, కాలరు, ముందు భాగం. వాటిని కలిపి చొక్కా చేయడం అన్నమాట."

"ఏ ముక్క దేనికి కలుస్తుందో దానికెట్లా తెలుసు?"

"మిషనులో భాష సెట్టింగని ఒకటుంటుంది. నీ కొలతల కాగితం లాంటిది. అది చూసి కలుపుతుంది."

"ఆ కాగితం పోతే?"

"కలపలేను అని చెప్తుంది. దానికి నేను జాగ్రత్త తీసుకున్నాలే."

ఆ తరవాత అన్నయ్యకు జబ్బు చేసి కార్డు రాయించుకోవాల్సి వచ్చినప్పుడు, పేరు మన అక్షరాల్లోనే ఉండాలని పట్టుబట్టాడు. "మన అక్షరాల్ని కంప్యూటర్లోకి ఎక్కించింది మా చెల్లెలే. నా పేరే ఎక్కకపోతే ఎట్లా?" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఒక ఆదివారం ఆసుపత్రికి కొత్త సర్వరు వచ్చింది. ఒక కంపెనీ వాళ్లు బిగించి, ప్రోగ్రాములన్నీ పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి కాపీ చేసి వెళ్లిపోయారు. కాంట్రాక్టు వాళ్లకు కొత్త సర్వరు తాళం, అంటే పాస్‌వర్డు, ఇవ్వకూడదని ఆర్డరు. ప్రోగ్రామక్క స్టూలు స్టోరు రూముకు మారింది. పాత కంప్యూటరు పక్కన కూర్చుని, పాత ఫైళ్లను మూటకట్టే పని అప్పజెప్పారు.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్నయ్య మిషను ముందు కూర్చుని ఉన్నాడు, కుట్టడం లేదు.

"జాబితాలో నా పేరు లేదట పిచ్చుకా. కొత్తగా కడుతున్న డయాలసిస్ సెంటరుకు మార్చి ఉంటారు, లెటరు వస్తుందన్నాడు గుమాస్తా."

"నాకెందుకు ఫోను చేయలేదు?"

"చేస్తే ఏం చేస్తావ్? నిన్ను మాత్రం స్టోరు రూముకు మార్చలేదా, లెటరు లేకుండా?"

వదిన వంటింట్లోంచి, "ఇద్దరికీ ఎకసెక్కాలే. ఆ కాళ్లు చూడు, అప్పుడే పొంగుతున్నాయి," అంది.

మంగళవారం ఆమె హెడ్డుని అడిగింది. ఆయన తెర మీద ఒక వరుస చూపించాడు. తప్పులు: సున్నా. "కంప్యూటరు తప్పు లేదంటోంది. నీకు కంప్యూటరు కన్నా ఎక్కువ తెలుసా?" అన్నాడు. తెలుసనాలనిపించింది. స్టోరు రూముకు తిరిగి వెళ్లింది.

బుధవారం అన్నయ్యను మళ్లీ తిప్పి పంపారు. వదిన ఊరుకోలేదు. ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని క్యాజువాలిటీకి తీసుకెళ్లింది. అక్కడి చిన్న డాక్టరు నాడి చూశాడు, కాళ్లు నొక్కి చూశాడు, తలొంచుకున్నాడు. "వంతుల పేషెంట్లను ఇక్కడ తీసుకోవద్దని ఆర్డరమ్మా. ఉన్న ఒక్క మిషనూ స్పృహ లేకుండా వచ్చేవాళ్లకే."

"అయితే స్పృహ తప్పాక తీసుకురమ్మంటారా బాబూ?" అంది వదిన.

పక్క పేషెంటు దగ్గరికి వెళ్లిపోయాడు.

గురువారం పొద్దుటికి అన్నయ్య పడుకోలేకపోతున్నాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందడం లేదు. గోడకు మూడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. డాక్టర్లు తాగనిచ్చే నాలుగు గుటకల నీళ్లకు లెక్క చూసుకునే మనిషి నీళ్లే వద్దన్నాడు. "శుక్రవారం తరవాత మిషను ఎక్కలేదు. ఆరు రోజులు," అంది వదిన, వేళ్లు మడిచి చూపిస్తూ. ఆ లెక్క ప్రోగ్రామక్కకు తెలియదన్నట్టు.

ప్రోగ్రామక్క స్టోరు రూముకు పోలేదు. నేరుగా స్లిప్పుల కౌంటరు ముందుకు పోయి నిలబడింది. గురువారం వాళ్లతోపాటు సోమవారం వాళ్లు కూడా అక్కడే కాళ్లీడుస్తూ తిరుగుతున్నారు. అంతమందిని తిప్పి పంపుతున్నారని ఆమెకు అప్పటిదాకా తెలియదు. తన అన్నయ్య ఒక్కడికే అనుకుంది.

బస్టాండు దగ్గర పళ్లమ్ముకునే ముసలామె ఒకతె బెంచీ చివర కూర్చుని ఉంది. అందరూ పళ్లవ్వ అంటారు. మొహం ఉబ్బి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి.

"నీ కార్డు ఒకసారి చూపించవ్వా."

"చూసుకో తల్లీ. నా పేరు పలకడానికి ఆ కంప్యూటరుకు నోరు తిరగలేదేమో. మా అత్తకూ తిరిగేది కాదు."

కార్డు మీద పేరు మన అక్షరాల్లో ఉంది. పక్కాయన కార్డు అడిగింది. మన అక్షరాలే. ఆ పక్కావిడది, గోడకు చేరగిలబడ్డ లారీ డ్రైవరుది, వాళ్లావిడ ఒళ్లో తలపెట్టుకున్న కుర్రపంతులుది. పదకొండు కార్డులు చూసింది. ఒక్కదాని మీద కూడా ఇంగ్లిషు అక్షరం లేదు. స్లిప్పు పుచ్చుకుని లిఫ్టెక్కుతున్న ఒకాయన్ని ఆపి ఆయన కార్డు చూసింది. ఇంగ్లిషు.

ఆమె కార్డు ఆయన చేతిలో పెట్టేసి పళ్లవ్వ వైపు తిరిగింది.

"ఇక్కడే కూర్చోవ్వా. ఎక్కడికీ పోకు. ఇప్పుడే వస్తా," అని స్టోరు రూముకు పరుగెత్తింది.

పాత కంప్యూటరులో సోమవారం జాబితా నడిపి చూసింది. అరవై మందీ వచ్చారు. ఈసారి దాని భాష సెట్టింగును చెరిపేసి, ఖాళీగా వదిలి, మళ్లీ నడిపింది. ముప్పై ఏడుగురే వచ్చారు. కింద వరుసలో, తప్పులు: సున్నా.

కంపెనీ వాళ్లు కొత్త సర్వరులో భాష సెట్టింగు పెట్టలేదు. కొలతల కాగితం లేదు. ఇంగ్లిషు అక్షరానికి కాగితంతో పనిలేదు, ఒక గడి ఒక అక్షరం, అది దర్జాగా వెళ్లిపోయింది. మన అక్షరం మొదటి గడి దగ్గరే ఫంక్షను ఆగిపోయి, కలపలేనని చెప్పింది. చెప్పడమంటే మైనస్ ఒకటి అని జవాబిస్తుంది. మరి ఆమె తీసుకున్న జాగ్రత్త ఏమైంది? జవాబు సున్నాకన్నా తక్కువైతే తప్పుల్లో లెక్కవేసి గంట కొట్టమని రాసింది కదా.

ఆ వరుస దగ్గరికి వచ్చి ఆగింది. నాలుగుసార్లు చదివింది. ఆ ఫంక్షను జవాబు వేసే డబ్బా మైనస్ గుర్తు ఎరగని డబ్బా. లెక్కపెట్టడానికే పుట్టింది కాబట్టి సున్నా నుంచి పైకే దానికి తెలుసు. అందులో మైనస్ ఒకటి పడితే, అది పట్టగలిగిన అంకెలన్నిట్లోకీ పెద్దదై కూర్చుంటుంది. అది ఎప్పటికీ సున్నాకన్నా తక్కువ కాదు. ఆమె పెట్టిన గంట పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా మోగడానికి వీల్లేని గంట. పాత కంప్యూటరులో కాగితం ఎప్పుడూ ఉంది కాబట్టి బయటపడలేదు. ఆ కింది వరుస మాత్రం శుభ్రంగా పనిచేసింది: పేరు నలభై అక్షరాలు దాటితే పక్కన పెట్టు, తరవాత చూద్దాం. పళ్లవ్వ పేరు కోటానుకోట్ల అక్షరాల పొడవుందని నమ్మి, ప్రోగ్రాము ఆమెను పక్కన పెట్టింది. అన్నయ్యనూ పెట్టింది. ఆ ఫైలు పేరే "పక్కన". దాన్ని తెరవడం ఎవరి పనీ కాదు.

రాసిన ప్రోగ్రామును మిషను భాషలోకి మార్చే కంపైలరు ఆ వరుస మీద హెచ్చరిక ఇచ్చి ఉండేది. కానీ హెచ్చరికలన్నీ కనపడకుండా ఆపేసి ఉంచమని హెడ్డు ఏనాడో చెప్పాడు. ఆడిటు వాళ్లకు తెర శుభ్రంగా కనపడాలట.

"నా చేత్తోనే," అంది ప్రోగ్రామక్క పైకే. వినడానికి మూటకట్టిన ఫైళ్లు తప్ప ఎవరూ లేరు.

హెడ్డు భోజనం డబ్బా విప్పుతున్నాడు. ఆమె నిలబడే చెప్పింది, ఒక్క గుక్కలో.

"కొత్త సర్వరులో ఒక్క సెట్టింగు సార్. ఒకే వరుస. తాళం మీరే తీయండి, మీ ముందే మారుస్తా. ఇరవైముగ్గురు సార్."

"మార్పుకు ఫారం రాయి. కంపెనీ అతను సోమవారం వస్తాడు."

"సోమవారానికి వీళ్లు ఉండరు సార్."

"మీ అన్నయ్య కూడా ఆ లిస్టులో ఉన్నాడట కదా." ఆయన మూత తీశాడు. "బంధువుల కోసం సర్వరు ముట్టుకున్నారంటే రేపు నా పెన్షను మీదికి వస్తుంది. నేనేమీ విననట్టే, నువ్వేమీ చెప్పనట్టే. వెళ్లు."

ఆమె కాళ్లు పట్టుకుంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా ఇది జరిగింది. నలభై అయిదేళ్ల మనిషి, ఆయన గదిలో ప్రోగ్రాములన్నీ రాసిన మనిషి, ఆయన చెప్పులు పట్టుకుని "ఒక్క వరుస సార్" అంది. ఆయన కాళ్లు వెనక్కి లాక్కుని గుమాస్తాను పిలిచాడు.

ఆమె లేచింది. స్టోరు రూముకెళ్లి పాత కంప్యూటరుకు భాష సెట్టింగు తిరిగి పెట్టింది. "పక్కన" ఫైల్లో ఉన్న పేర్లన్నీ అచ్చువేసింది. సీలు లేదు, స్లిప్పు లేదు, ఒక మామూలు కాగితం. అది పట్టుకుని సరుకుల మెట్ల దారిన, కాపలా అతనికి కనపడకుండా మూడో అంతస్తుకు ఎక్కింది.

వార్డులో ఏడు మిషన్లు దుప్పట్లు కప్పుకుని ఖాళీగా ఉన్నాయి. పెద్ద సిస్టరు కాగితం తీసుకుని, కళ్లజోడు పైకెత్తి, పేర్ల మీద వేలు పెట్టి చదివింది.

"వీళ్లంతా కొత్త సెంటరుకు పోయారన్నారే కింద."

"కొత్త సెంటరు ఇంకా తెరవలేదు సిస్టర్. వీళ్లు కింద బెంచీల మీద ఉన్నారు. రూలు ప్రకారం మీరు ఎక్కించకూడదు."

పెద్ద సిస్టరు ఒక క్షణం ఖాళీ మిషన్ల వైపు చూసింది. "నాలుగు రోజులుగా దుప్పట్లు కప్పి కప్పి చేతులు పడిపోయాయి. వచ్చే ఏడాది రిటైరు. అడిగితే ముసలిదాన్ని, స్లిప్పనుకున్నా అంటాలే. పోయి తీసుకురా. నడవలేనివాళ్లు ముందు."

ఆమె ముందు ఇంటికి ఫోను చేసింది. అన్నయ్యను ఆటోవాడూ వదినా చెరో రెక్కా పట్టుకుని మెట్లెక్కించారు. మిషను మీదికి చేర్చేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా చెల్లెల్ని చూసి ఏదో అన్నాడు. వంగి వింటే, "కొలతల కాగితం దొరికిందా?" అన్నాడు.

కాగితం మీద మూడో పేరు పళ్లవ్వది. ప్రోగ్రామక్క కౌంటరు దగ్గరికి పరుగెత్తింది. బెంచీల మీదున్నవాళ్లను మెట్ల దారిన పైకి పంపుతూ చూస్తే, పళ్లవ్వ కూర్చున్న చివర ఎవరూ లేరు. రెండింటిదాకా కూర్చుందనీ, సోమవారం రమ్మంటే లేచి వెళ్లిపోయిందనీ పక్కావిడ చెప్పింది. "ఎవరో పిల్ల కూర్చోమంది, ఇంకా రాలేదు, దానికేం పనుందో పాపం" అని కూడా అందట. కార్డు మీదున్న ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఆ సాయంత్రమంతా చేస్తూనే ఉంది. శనివారం ఫోను ఎత్తిన ఒక మగగొంతు, "మా అమ్మ నిన్న పోయిందండీ. ఎవరు మీరు?" అంది.

ఎవరని చెప్పాలి?

సోమవారం కంపెనీ అతను వచ్చి ఒక్క వరుస మార్చి, పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. అదేరోజు ఆమెకు మెమో వచ్చింది, వెనక ప్రోగ్రాము అచ్చు జతచేసి. మొదటి పేజీ చూసి ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉందో చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. "రాసినవారు" అన్న మాట పక్కన హెడ్డు పేరు, డిగ్రీలు లేవు. ఆమె పేరుంది. ఇంటిపేరుతో సహా, అక్షరం పొల్లుపోకుండా. పంతొమ్మిదేళ్లకు ఆమె పేరు ఆ ప్రోగ్రాముకు ఎక్కింది.

ఆమె బుకాయించలేదు. జవాబులో ఇలా రాసింది: "ఆ వరుస నాది. తప్పు నాది. పళ్లవ్వగారి విషయంలో నన్ను నేను క్షమించుకోలేను. సెట్టింగు లేకుండా సర్వరు బిగించినవారు, హెచ్చరికలు ఆపించినవారు, గురువారం మధ్యాహ్నం నేను చెబితే విననివారు కూడా తమ వరుసలు తాము ఒప్పుకోవాలని కోరుతున్నాను." వాళ్లెవరూ ఒప్పుకోలేదు. ఆమె కాంట్రాక్టు మీద సంతకం పడలేదు. పెద్ద సిస్టరుకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. చెవి సరిగా వినపడదని ఆమె రాసిచ్చింది.

ఇప్పుడు ప్రోగ్రామక్క అన్నయ్య కొట్లో గుండీలు కుడుతోంది. ఆయన పూటకో చొక్కా కుట్టగలిగితే గొప్ప. ఆ ఆరు రోజులు గుండెను దెబ్బతీశాయన్నారు డాక్టర్లు. "గుండీ తక్కువైందంతే పిచ్చుకా" అంటాడాయన. ఆమె తలెత్తదు.

ఇంతటితో అయిపోలేదు. హెడ్డు ఆ ప్రోగ్రామును తన పేరు మీద ఇంకో పదకొండు ఆసుపత్రులకు ఇచ్చి ఉన్నాడు. ఆ పదకొండింట్లోనూ అదే వరుస ఉంది, మోగని గంట. అక్కడ కొత్త సర్వరు బిగించే రోజు కోసం అది కాచుకుని కూర్చుంది. ప్రోగ్రామక్క పదకొండింటికీ ఉత్తరాలు రాసింది, ఏ వరుస ఎలా మార్చాలో చేత్తో రాసి, పళ్లవ్వ సంగతి చెప్పి. ఒక్కచోట నుంచే జవాబు వచ్చింది. "మా వద్దనున్న ప్రతిలో రచయితగా మీ పేరు లేనందున మీ విజ్ఞప్తిని పరిశీలించలేము." ఆ కాగితం ఇప్పుడు కొట్లో కత్తెర కింద ఉంది.

ఆమె మాట వాళ్లు వినరు. మీ మాట వినాల్సి వస్తుంది. మీవాళ్లెవరైనా వంతుల మీద మిషనెక్కుతుంటే, ఈ వారమే ఆ ఆసుపత్రికి ఒక దరఖాస్తు పెట్టండి. వంతుల ప్రోగ్రాము పక్కన పెట్టిన పేర్ల ఫైలు రోజూ ఎవరు తెరుస్తున్నారని అడగండి. ఎవరూ తెరవడం లేదంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. మీరు ప్రోగ్రాములు రాసేవాళ్లయితే, గడులను వెడల్పు అక్షరాలు చేసే ఆ ఫంక్షను జవాబును సున్నాతో పోల్చిన చోటల్లా వెతికి సరిచేయండి, హెచ్చరికలు తెరిచి ఉంచండి, మీవాళ్ల పేర్లతో కాదు, ఊళ్లో వాళ్ల పేర్లతో నడిపి చూడండి. కౌంటర్లో మీ పక్క మనిషిని "పేరు లేదు" అని తిప్పి పంపుతుంటే మీ స్లిప్పు జేబులో పెట్టుకుని పైకి వెళ్లిపోకండి. ఆగి కార్డు చూడండి. ఆ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి వెళ్లకండి, వెంట తీసుకెళ్లండి. ప్రోగ్రామక్క ఇప్పుడు అందరికీ చెప్పేది ఆ ఒక్కటే: వెంట తీసుకెళ్లండి.